కొండాపూర్ సంగ్రహాలయము: చరిత్రకు ఒక ప్రయోగశాల

రసాయనశాస్త్రమునకు ప్రయోగశాల ఎట్టిదో, చరిత్రకు సంగ్రహాలయము అట్టిది. పాత వస్తువులను అద్దాల పెట్టెలలో దాచియుంచు గదియే సంగ్రహాలయమని చాలమంది తలతురు. తొలినాళ్ళలో అది కొంతవరకు నిజమే. రాజులు, ధనికులు వింతవస్తువులను తమ వినోదము కొరకు కూడబెట్టుకొనెడివారు. 1683లో ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డునందు ఆష్మోలియన్ సంగ్రహాలయము ప్రజలకు తలుపులు తెరచినది. 1814లో కలకత్తాలోను, 1851లో మద్రాసులోను సంగ్రహాలయములు ఏర్పడినవి. 1899లో అమెరికాలోని బ్రూక్లిన్‌నందు బాలబాలికల కొరకే ఒకటి వెలసినది. చూచి పోవుటయే గాక, చేసి నేర్చుకొనుట కూడ అప్పటినుండి సంగ్రహాలయపు పనులలో చేరినది.

హైదరాబాదు సంస్థానములో 1914లో పురావస్తుశాఖ నెలకొన్నది. గులాం యాజ్దానీ దానికి మొదటి డైరెక్టరు. 1940 తరువాతి తొలి సంవత్సరములలో ఈ శాఖ నాటి మెదకు జిల్లాలోని కొండాపూర్ వద్ద, కోటగడ్డ అను దిబ్బను త్రవ్వించినది. ఈ గ్రామము 2016 నుండి సంగారెడ్డి జిల్లాలో ఉన్నది. దిబ్బ క్రింద సుమారు 2000 సంవత్సరముల నాటి శాతవాహన పట్టణము బయటపడినది. ఇటుక కట్టడములు, బౌద్ధ నిర్మాణముల అవశేషములు, నాణెములు, పూసలు, మట్టిబొమ్మలు, ఇనుప పనిముట్లు లభించినవి. 2009 తరువాత మరల కొన్ని త్రవ్వకములు జరిగినవి. కొండాపూర్‌లోని సంగ్రహాలయము భారత పురావస్తు సర్వేక్షణ శాఖ అధీనములో నున్నది.

ఇచ్చటి వస్తువులు చరిత్ర పాఠమునకే గాక విజ్ఞాన పాఠమునకు కూడ పనికివచ్చును. శాతవాహన నాణెములలో సీసపువి, రాగివి అనేకము. సీసము 327 డిగ్రీల సెంటీగ్రేడు వద్దనే కరుగును. రాగి కరుగుటకు 1085 డిగ్రీలు కావలెను. మొదటిదానికి వంటపొయ్యి మంట చాలును. రెండవదానికి కొలిమి, తిత్తి ఉండవలెను. ఒక్క రాగి నాణెము ఆ నాటి లోహకారుని నేర్పును ఇంతగా చెప్పుచున్నది.

మట్టిబొమ్మలను చూడుడు. వీనిలో పెక్కింటిని తెల్లని మెత్తని మట్టితో, రెండు అచ్చుల నడుమ, లోపల డొల్లగా చేసిరి. బొమ్మ గట్టి ముద్దగా ఉన్నచో, ఆవములో కాలునపుడు లోపలి నీరు ఆవిరియై బయటికి పోలేక దానిని పగులగొట్టును. గోడ పలుచనైనచో మట్టి అంతట ఒకే తీరున ఆరి, కాలును. రాతి పూసలలోను ఇట్టి సమస్యయే గలదు. స్ఫటికజాతి రాళ్ళ కాఠిన్యము మోస్ కొలమానములో సుమారు 7. ఉత్త ఇనుపమొన వానిలో సన్నని రంధ్రము చేయలేదు. అంతకంటె గట్టి పొడియో, మొనయో కావలెను. కొండాపూర్‌లో దొరకిన రోము చక్రవర్తి ఆగస్టసు బంగారు నాణెము, దూరదేశపు వ్యాపారము దక్కను లోపలి భాగమునకు కూడ చేరినదని తెల్పును.

సంగ్రహాలయములు ప్రజలను పిలుచుటకు సంవత్సరములో కొన్ని రోజులు ప్రత్యేకముగా గలవు. ఏప్రిల్ 18 ప్రపంచ వారసత్వ దినము; మే 18 అంతర్జాతీయ సంగ్రహాలయ దినము. ఈ రెండవదానిని 1977 నుండి జరుపుచున్నారు. నవంబరు 19 నుండి 25 వరకు వారసత్వ వారోత్సవము. ఆ వారములో పురావస్తు శాఖ ప్రదర్శనలు, ఉపన్యాసములు, విద్యార్థులకు చిత్రలేఖన, వ్యాసరచన పోటీలు జరుపుచుండును. ఏప్రిలు పరీక్షల కాలము. మే వేసవి సెలవులు. కావున పాఠశాలలకు నవంబరు వారమే అనుకూలము.

మెదకు పట్టణమునకు చేరువనున్న హవేలిఘనపూర్‌లో జిల్లా విద్యా శిక్షణ సంస్థ గలదు. సంగ్రహాలయములో పాఠము చెప్పు పద్ధతిని అచ్చట ఒక ఛాత్రోపాధ్యాయుడు నేర్చినచో, అది ముందు ముందు ఎన్నో గ్రామ పాఠశాలలకు చేరును. పద్ధతి కష్టమైనది కాదు. వెళ్ళుటకు ముందు తరగతిలో ప్రశ్నలు సిద్ధము చేయవలెను. అచ్చట ఒక్కొక్క జట్టు ఒక్కొక్క వస్తువునే తీసికొని, దాని బొమ్మ గీసి, ఇది దేనితో చేసిరి, ఎట్లు చేసిరి, ఎవరు వాడిరి అని విచారింపవలెను. తిరిగి వచ్చిన పిమ్మట బంకమట్టితో రెండు అచ్చుల బొమ్మను స్వయముగా చేసి చూడవలెను. అంతదూరము పోలేనివారికి మెదకు కోట ఉండనే ఉన్నది. దాని ద్వారములను, ప్రాకారములను కొలిచి పటము గీయుట కూడ ఇట్టి పాఠమే.

ఈ చదువు అక్కరకు రాని ముచ్చట కాదు. వాన వెలిసిన పిమ్మట పాతదిబ్బలపై పూసలు, నాణెములు పైకి తేలును. పిల్లవాడొకడు నాణెమును ఏరి జేబులో వేసికొనినంతనే, అది ఏ పొరలో, ఏ వస్తువుల ప్రక్కన ఉండెనో తెలిపెడి సాక్ష్యము నశించును. కొండాపూర్ తొలి త్రవ్వకముల నాటికి కర్బన కాలనిర్ణయ పద్ధతి లేదు. అది 1949లో వెలువడినది. పొరల క్రమము, నాణెములపై లిపి, ఇవియే నాటి ముఖ్య ఆధారములు. నేటికిని పొర తెలియని వస్తువు విలువ సగము పోయినట్లే. భూమిలో దాగిన, పది రూపాయలకు మించిన విలువగల నిక్షేపము దొరకినచో కలెక్టరునకు తెలుపవలెనని 1878 నాటి నిక్షేపముల చట్టము శాసించుచున్నది. అయితే దిబ్బకు చట్టము ఒక్కటే కాపలా కాయలేదు. ఆ దిబ్బ ఏమి చెప్పుచున్నదో ఎరిగిన ఊరి పిల్లలే దానికి నిజమైన కావలివారు.