వెనిస్‌ వెళితే రాత్రి ఉండండి

మెస్త్రే స్టేషన్ దాటగానే నేల అయిపోతుంది. రైలు 1846లో కట్టిన పొడవాటి వంతెన ఎక్కుతుంది. రెండు పక్కలా నీళ్లే. అది సముద్రం కాదు, మన పులికాట్ లాంటి లోతు తక్కువ ఉప్పునీటి సరస్సు. పడవలకు దారి తెలిసేలా మూడేసి దుంగలు కలిపి పాతారు. వాటి మీద నీటికాకులు కూర్చుని ఉంటాయి. పది నిమిషాల్లో శాంటా లూచియా స్టేషన్ వస్తుంది. తలుపు దాటి మెట్ల మీద నిలబడండి. ఎదురుగా గ్రాండ్ కెనాల్. సామాన్ల పడవ, చెత్త పడవ, సైరన్ మోగించుకుంటూ పోయే అంబులెన్స్ పడవ. అంతటి రద్దీలోనూ ఒక్క చక్రం కనబడదు.

ఒకటో నంబరు వాపొరెట్టో, అంటే పడవ బస్సు, ఎక్కండి. రెండో నంబరు త్వరగా వెళుతుంది గానీ ఇది తొందరపడాల్సిన ప్రయాణం కాదు. ఒక్కసారికి టికెట్టు 9.50 యూరోలు, 75 నిమిషాలు చెల్లుతుంది. రెండు మూడు రోజులు ఉండేవాళ్లకు పాసే నయం. కాలువ పొడవు నాలుగు కిలోమీటర్లకు కొంచెం తక్కువ. పడవ ఈ గట్టుకీ ఆ గట్టుకీ మారుతూ ముప్పావుగంట నడుస్తుంది. ఎడమ గట్టున, సంగీతకారుడు వాగ్నర్ 1883లో కన్నుమూసిన భవనం. ఇంకాస్త ముందుకెళితే పదిహేనో శతాబ్దపు కా దోరో భవనం, రాతిని జల్లెడలా తొలిచిన వరండాలతో. వంపు తిరగగానే 1591లో పూర్తయిన రియాల్టో వంతెన కింద నుంచి దూరతారు. ఒక్కసారిగా చీకటి, చల్లదనం, మళ్లీ వెలుగు.

బస ఎక్కడన్నది ఇంటి దగ్గరే తేల్చుకోవాలి. మెస్త్రేలో గది చవక, నిజమే. కానీ అక్కడుంటే మీరు పదింటికి వచ్చే జనంతో వస్తారు, సాయంత్రం వెళ్లే జనంతో వెళ్లిపోతారు. ఆ వేళల్లో ఊరి ప్రధాన కూడలి శాన్ మార్కో చుట్టుపక్కల సందుల్లో భుజం తిప్పడానికి చోటుండదు. పొద్దున వచ్చి సాయంత్రం పోయేవాళ్ల తాకిడి తట్టుకోలేకే 2024 ఏప్రిల్ 25 నుంచి కొన్ని ఎంపిక చేసిన రోజుల్లో ప్రవేశ రుసుము పెట్టారు. ముందే కడితే 5 యూరోలు, ఆఖరి రోజుల్లో కడితే 2025 నుంచి 10. రాత్రి బస చేసేవాళ్లకు ఆ రుసుము లేదు, బస పన్నుంటుంది. ఒక మెట్టు తగ్గిన హోటలైనా సరే, ద్వీపంలోనే మూడు రాత్రులు తీసుకోండి. అద్దె ఫ్లాట్ల జోలికి మాత్రం పోవద్దని నా మాట. 1951లో లక్షా డెబ్బై అయిదు వేల మంది ఉన్న పాత నగరంలో ఇప్పుడు యాభై వేల మంది కూడా లేరు. పర్యాటకుల బసగా మారిన ప్రతి ఇల్లూ ఒక కుటుంబం ఖాళీ చేసిన ఇల్లే కావచ్చు. ఇంకో మాట, సామాను తగ్గించుకోండి. ఇక్కడ నాలుగు వందలకు పైగా వంతెనలున్నాయి, దాదాపు అన్నింటికీ మెట్లే.

ఏడింటికి లేచి రియాల్టో చేపల బజారుకు నడవండి. ఆది, సోమవారాల్లో చేపలుండవు, ఆ రెండు రోజులూ తప్పించి వెళ్లండి. కమానుల కింద మంచు పరిచిన బల్లలు, నల్లసిరా కారుతున్న కటిల్ ఫిష్, నీళ్లు చల్లుతూ అరుపులు. గోడ మీద ఒక పాలరాతి పలక ఉంటుంది. ఏ చేప ఎంత పొడవుంటే అమ్మాలో అందులో చెక్కారు: సార్డిన్ 7 సెంటీమీటర్లు, మలుగు 25. అంతకన్నా చిన్నది పట్టుకుంటే రేపటికి ఉండదని ఈ నగరానికి ఏనాడో తెలుసు. శాకాహారులు పక్కనున్న కూరగాయల బల్లల దగ్గర ఆగండి. ఆర్టిచోక్ మొగ్గల అడుగుభాగాలు చెక్కి, నల్లబడకుండా నిమ్మకాయ నీళ్లలో వేసి అమ్ముతుంటారు. పక్క సందుల్లో బాకరోలనే చిన్న కొట్లలో అవే ఉడికించి నూనె, వెల్లుల్లి పట్టించి పెడతారు. నిలబడి తినడమే అక్కడి పద్ధతి.

అక్కడి నుంచి ఎటైనా నడవండి. సందు సన్నబడుతుంది, ఇళ్ల కింద నుంచి దూరుతుంది, చివరికి ఒక కాంపోలోకి తెరుచుకుంటుంది. ఊళ్లో ఇలాంటి ఖాళీ జాగాలు ఎన్నో. నడిమధ్యన ఇనుప మూత బిగించిన రాతి బావి గట్టు ఉంటుంది. దాని మీద చెయ్యి ఆనించి కిందికి చూడండి, నేల బావి వైపు కాదు, కొంచెం అవతల ఉన్న రంధ్రాల పలకల వైపు వాలి ఉంటుంది. చుట్టూ ఉప్పునీళ్లున్న ఈ ఊళ్లో తాగడానికి చుక్క మంచినీరు దొరికేది కాదు. అందుకే కాంపో మొత్తాన్ని బంకమట్టి తొట్టిలా తవ్వి, ఇసుక నింపి, మధ్యలో బావి కట్టారు. వాన నీరు ఆ పలకల గుండా దిగి, ఇసుకలో వడకట్టుకుని, బావిలో ఊరేది. 1884లో ప్రధాన భూభాగం నుంచి గొట్టాల్లో నీళ్లు వచ్చేదాకా ఊరు ప్రధానంగా ఈ బావుల మీదే బతికింది. వెనిస్‌లో నన్నెక్కువగా కట్టిపడేసింది రాజభవనాలు కావు, ఈ బావులే.

నెల ఏదంటే నవంబరు అంటాను. 1630 ప్లేగు ఊళ్లో దాదాపు మూడోవంతు మందిని మింగింది. అది తగ్గితే గుడి కడతామని మొక్కుకుని సాల్యూతే చర్చి కట్టారు. ఏటా నవంబరు 21న గ్రాండ్ కెనాల్ మీద తాత్కాలిక వంతెన వేస్తారు. మీరూ ఊరి వాళ్ల మధ్యన దాని మీద నడిచి, లోపల ఒక కొవ్వొత్తి ఇచ్చి రావచ్చు. నవంబరంటే పోటు నీళ్ల కాలం కూడా. 1966 నవంబరు 4న నీళ్లు 194 సెంటీమీటర్లు, 2019 నవంబరు 12న 187 సెంటీమీటర్లు లేచాయి. 2020 అక్టోబరు నుంచి సరస్సు ముఖద్వారాల్లో 78 ఉక్కు తలుపులు లేచి సముద్రాన్ని ఆపుతున్నాయి. అవి లేచేది పెద్ద పోటుకే. శాన్ మార్కో చాలా పల్లంలో ఉంది కాబట్టి చిన్న పోటుకూ అక్కడ రాతి పలకల సందుల్లోంచి నీళ్లు ఉబుకుతాయి. పొద్దున్నే పోటు వేళలు చూసుకోండి. మోకాలిదాకా వచ్చే బూట్లు అక్కడే కొనుక్కోవచ్చు.

రాత్రి భోజనమయ్యాక రియాల్టో వెనక సందుల్లో కోర్తె సెకోందా దెల్ మిలియోన్ అడుగుతూ వెళ్లండి. చెక్కడపు కమాను కింద నుంచి చిన్న ప్రాంగణంలోకి వస్తారు. మార్కో పోలో కుటుంబం ఇల్లు ఈ చుట్టుపక్కలే ఉండేది. ఇక్కడి నుంచి బయల్దేరినవాడే మన మోటుపల్లి రాజ్యం గురించి చెప్పాడు. భర్త పోయాక న్యాయంగా ఏలుతున్న రాణి, వజ్రాలు, సాలెగూడంత సన్నని నూలు బట్టలు. ఆ రాణిని రుద్రమదేవిగా చరిత్రకారులు గుర్తించారు. ఆమె తండ్రి గణపతిదేవుడు 1244 ప్రాంతంలో మోటుపల్లిలో అభయశాసనం వేయించాడు. తుఫానుకు ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును లాక్కోబోమని, సుంకం మాత్రమే తీసుకుంటామని వర్తకులకు అందులో మాటిచ్చాడు. వెనిస్ వర్తకులకు అంతకన్నా ప్రీతికరమైన మాట ఉండదు. బాపట్ల జిల్లా తీరంలో ఆ ఊరు ఇప్పటికీ ఉంది. వెనిస్ టికెట్లు కొనే ముందు ఒక ఆదివారం అక్కడికి వెళ్లి రండి.