ఎర్ర సిరాలో ‘ఎక్కడ?’

రాత్రి ఒంటిగంట. హాస్టల్ వరండాలో ట్యూబులైటు కొట్టుకుంటోంది. నీ బల్ల మీద టీ మరకలతో గురజాడ ‘దిద్దుబాటు’ కథ జిరాక్సు. ఆ కథలోనూ గోపాలరావు ఇల్లు చేరేసరికి ఒంటిగంటే.

పొద్దున్న పదింటికి మేడమ్‌కి పేపర్ చూపించాలి. కిందటి వారం ఇచ్చిన చిత్తుప్రతిలో ‘ఈ కథలో గురజాడ స్త్రీవిద్యను సమర్థించారు’ అని రాశావు. ఆ వాక్యం పక్కన ఆవిడ ఎర్ర సిరాతో వేసింది ఒక్క మాటే: ‘ఎక్కడ?’

మొదటి రెండు పేజీలు తిరగేస్తావు. ‘దిద్దుబాటు’ 1910లో ఆంధ్రభారతిలో అచ్చయింది, సరే. తెలుగులో తొలి కథ అదేనా, లేక భండారు అచ్చమాంబ 1902లో హిందూసుందరిలో రాసిన ‘ధనత్రయోదశి’యా? ఆ తగువంతా అక్కడ పోసేశావు. చరిత్రకి కావలసిన తగువే. కానీ రెండు పేజీలు గడిచినా గోపాలరావు ఇంకా గుమ్మం బయటే నిలబడి ఉన్నాడు. కొట్టేస్తావు. రెండు రోజులు లైబ్రరీలో దుమ్ము పీల్చి తెచ్చుకున్న సరుకు మరి, చెయ్యి రాదు. అయినా కొట్టేస్తావు.

పెన్సిలు పట్టుకుని మళ్లీ మొదటినుంచి. యాంటీ నాచ్ వాడినై ఉండి సాని పాటకు లొంగిపోయానే అని గోపాలరావు తనని తాను తిట్టుకుంటాడు. ఇన్నిసార్లు చదివావు, ఆ మాట దగ్గర ఎప్పుడూ ఆగలేదు. ఇప్పుడు నోట్సు వెతుకుతావు. 1893లో మద్రాసు సంస్కర్తలు, మేజువాణీలకు వెళ్లొద్దని వైస్రాయికీ గవర్నరుకీ అర్జీ పెట్టుకున్నారు. దొరలు వినలేదు. గోపాలరావు తగిలించుకున్న ‘యాంటీ నాచ్’ బిళ్ల సానుల ఆటపాటలు వద్దన్న ఆ ఉద్యమానిది. బిళ్ల ఇంకా చొక్కా మీదే ఉంది, మనిషి మాత్రం పాట దగ్గర ఉండిపోయాడు.

ఇంట్లో భార్య కమలిని లేదు. నౌకరు రాముడు దెబ్బ తిన్నాడు. బల్ల మీద ఉత్తరం. సంబోధనలో ప్రేమ పోయి మర్యాద వచ్చి కూర్చుంది. సభలంటూ అబద్ధాలాడుతున్నారని నిందించి, పుట్టింటికి పోతున్నానంటుంది.

నీ పాత సాక్ష్యం దీని తర్వాత వస్తుంది. శివుడు పార్వతికి సగం దేహం ఇచ్చాడనీ, ఇంగ్లీషువాడు పెళ్లాన్ని బెటర్ హాఫ్ అంటాడనీ గోపాలరావు రాముడికి చేసే బోధ. దాన్నే గురజాడ మాటగా నువ్వు ఎత్తి రాసుకున్నావు. కానీ ఆ బోధ చేస్తున్నది సాని పాట నుంచి ఇప్పుడే వచ్చినవాడు. వింటున్నది ఇందాక అతని చేతి దెబ్బ తిన్నవాడు. విని, తనకేం బోధపడలేదంటాడు రాముడు! నవ్వొస్తుంది నీకు. గురజాడ నవ్వించడానికి పెట్టినదాన్ని నువ్వు ఉపన్యాసంగా చదివావు.

మరి స్త్రీవిద్య ఎక్కడుంది?

చివరి వాక్యాల దగ్గర పెన్సిలు ఆగిపోతుంది. మంచం కింద నవ్వు, గాజుల చప్పుడు. అంటే కమలిని ఎక్కడికీ పోలేదు. అంటే ఆ ఉత్తరమూ అబద్ధమే! మొగుడి బొంకుల్ని తప్పుపడుతూనే కాగితం మీద తనూ ఒకటి బొంకింది. అతని బొంకు పది రోజులకే బయటపడింది. ఆమెది మాత్రం ఒక్క రాత్రిలో పని చేసింది, అక్షరం వచ్చు కాబట్టి. ఆమె చేత ఉత్తరం రాయించి ఊరుకున్నాడు కథకుడు, విద్యను ఎక్కడా పొగడలేదు. రాయడం రాకపోతే కథే లేదు.

ఇది నిలుస్తుందా? గోపాలరావే ఆమెను చదివించి ఉంటే ఆ ఘనత మళ్లీ మగవాడి ఖాతాలోకే పోదూ? పోతుంది. దాన్ని దాచెయ్యకూడదు, మూడో పేరాలో పెట్టాలి.

పక్క గదిలో ఎవరిదో అలారం మోగి ఆగింది. లాప్‌టాప్ తెరిచి పాత వాక్యం చెరిపేస్తావు. ‘ఈ కథలో పనిచేసిన ఉపన్యాసం లేదు, పనిచేసిన ఉత్తరం ఉంది’ అని టైపు కొట్టి, చిత్తుప్రతిలో మేడమ్ వేసిన ‘ఎక్కడ?’ పక్కన పెన్సిలుతో పేజీ నంబరు వేస్తావు.