లైనక్స్ అప్‌డేట్ తర్వాత కంప్యూటర్ బూట్ కావడం లేదా? ఫార్మాట్ చేసే ముందు ఇవి చూడండి

కెర్నెల్ అప్‌డేట్ తర్వాత కంప్యూటర్ బూట్ కాకపోతే చాలామంది వెంటనే ఫార్మాట్ చేసి లైనక్స్‌ను మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తుంటారు. సాధారణంగా కెర్నెల్ అప్‌డేట్ మీ ఫొటోలు, పత్రాల జోలికి పోదు. వాటిని తుడిచేసేది ఫార్మాటే.

విజయవాడ నుంచి హావ్‌డా వెళ్లే రైలు ఆలస్యమైతే ఖరగ్‌పూర్ దాటిందా, సంత్రాగాఛి దాటిందా అని చూస్తాం. ఇక్కడా అంతే. బూటింగ్‌లో నాలుగు మజిలీలు ఉంటాయి. మదర్‌బోర్డులోని యూఈఎఫ్ఐ (పాత కంప్యూటర్లలో బయాస్) గ్రబ్ అనే బూట్ లోడర్‌ను పిలుస్తుంది. గ్రబ్ కెర్నెల్‌ను, దానితోపాటు ఇనిట్‌ర్యామ్‌ఎఫ్‌ఎస్ అనే చిన్న ఫైలును మెమరీలోకి తెస్తుంది. ఈ ఫైలులోని డ్రైవర్ల సాయంతో కెర్నెల్ అసలు డిస్కును చేరుతుంది. చివరగా డెస్క్‌టాప్ తెరుచుకుంటుంది. ఎక్కడ ఆగిందో తెలిస్తే సగం పని అయినట్టే.

గ్రబ్ రాకుండా నేరుగా విండోస్ తెరుచుకుంటే

యూఈఎఫ్ఐ సెట్టింగుల్లో బూట్ క్రమం మారి ఉండొచ్చు. లైనక్స్‌ను మళ్లీ మొదటి స్థానంలో పెట్టండి. 2024 ఆగస్టులో మైక్రోసాఫ్ట్ ఇచ్చిన భద్రతా అప్‌డేట్ తర్వాత విండోస్, లైనక్స్ రెండూ ఉన్న కొన్ని కంప్యూటర్లలో లైనక్స్ బూట్ కాలేదు. పాత బూట్ లోడర్లను సెక్యూర్ బూట్ అడ్డుకోవడమే కారణం. ఇలాంటప్పుడు సెక్యూర్ బూట్‌ను తాత్కాలికంగా ఆపి, లైనక్స్‌ను అప్‌డేట్ చేసి, మళ్లీ ఆన్ చేయాలి. విండోస్‌లో బిట్‌లాకర్ ఉంటే దాని రికవరీ కీని ముందే దగ్గర పెట్టుకోండి.

గ్రబ్ ప్రాంప్ట్ దగ్గరే ఆగితే

మెనూ బదులు నల్ల తెరపై గ్రబ్ అనే అక్షరాలు మాత్రమే కనిపిస్తే దానికి మెనూ ఫైలు దొరకలేదన్నమాట. గ్రబ్ రెస్క్యూ అని ఉంటే దాని సొంత మాడ్యూళ్లే దొరకలేదు. పార్టిషన్లు తొలగించినప్పుడు, మార్చినప్పుడు ఇది ఎక్కువ. లైవ్ యూఎస్‌బీతో బూట్ చేసి, లైనక్స్ పార్టిషన్‌ను మౌంట్ చేసి, సీహెచ్‌రూట్ ద్వారా అందులోకి వెళ్లి గ్రబ్‌ను తిరిగి ఇన్‌స్టాల్ చేయాలి. యూఈఎఫ్ఐ ఉన్న ఫెడోరాలో మాత్రం గ్రబ్, షిమ్ ప్యాకేజీలను రీఇన్‌స్టాల్ చేయడమే సరైన పద్ధతి.

కెర్నెల్ ప్యానిక్ వస్తే

రూట్ ఫైల్ సిస్టమ్‌ను మౌంట్ చేయలేకపోయానని సందేశం వస్తే మొదట ఇనిట్‌ర్యామ్‌ఎఫ్‌ఎస్‌ను అనుమానించాలి. బూట్ పార్టిషన్ నిండిపోతే ఆ ఫైలు తయారుకాదు, లేదా సగంలో ఆగుతుంది. ఉబుంటులో అయితే కంప్యూటర్ ఆన్ కాగానే ఎస్కేప్ కీ (బయాస్ ఉంటే షిఫ్ట్) నొక్కి, మెనూలోని అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్ నుంచి పాత కెర్నెల్‌ను ఎంచుకోండి. లోపలికి వెళ్లాక ఆప్ట్ ఆటోరిమూవ్‌తో అక్కర్లేని కెర్నెళ్లను తీసేసి, కొత్త కెర్నెల్‌కు ఇనిట్‌ర్యామ్‌ఎఫ్‌ఎస్‌ను మళ్లీ తయారుచేసి, అప్‌డేట్-గ్రబ్ నడపాలి. సీ-డాక్ రూపొందించిన బాస్, హైదరాబాద్‌లోని స్వేచ్ఛ సంస్థ తెలుగులో తెచ్చిన ఓఎస్ కూడా డెబియన్ కుటుంబానివే కాబట్టి ఇదే దారి. ఫెడోరాలో ఈ పని డ్రాకట్ చేస్తుంది.

కెర్నెల్ మొదలయ్యాక తెర నల్లబడితే

ఎన్‌విడియా వంటి బయటి డ్రైవర్లను కొత్త కెర్నెల్ కోసం తిరిగి తయారుచేయాలి. సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉంటే వాటికి డిజిటల్ సంతకమూ ఉండాలి. అప్పటిదాకా గ్రబ్ మెనూలో ఈ కీ నొక్కి, లైనక్స్ అని మొదలయ్యే వరుస చివర నోమోడ్‌సెట్ అని చేర్చితే తెర కనిపించవచ్చు.

ముందు జాగ్రత్తలు

కొత్త కెర్నెల్‌తో ఒకసారి బూట్ అయ్యేదాకా పాతదాన్ని తీసేయకండి. ఫెడోరా మామూలుగా 3 కెర్నెళ్లను ఉంచేది ఇందుకే. అప్‌డేట్‌కు ముందు బూట్ పార్టిషన్‌లో ఖాళీ చూసుకోండి. మధ్యలో కరెంటు పోయే అవకాశం ఉంటే ల్యాప్‌టాప్‌ను పూర్తిగా చార్జ్ చేసి మొదలుపెట్టండి. ఒక లైవ్ యూఎస్‌బీ ఇంట్లో ఉంచుకోండి. ఏదీ ఫలించక ఫార్మాట్ తప్పనిసరైనా, ముందు దానితోనే బూట్ చేసి ఫైళ్లను వేరే డిస్కులోకి కాపీ చేసుకోవచ్చు. డిస్కు ఎన్‌క్రిప్ట్ చేసి ఉంటే మాత్రం పాస్‌వర్డ్ తెలిసి ఉండాలి.