బీఈడీ ఇంటర్న్‌షిప్: ఫీజు సర్కారు కడుతుంది.. మరి ఆ 20 వారాల ఖర్చు?

బీఈడీలో చేరిన ప్రతి ఒక్కరూ 20 వారాలు బడిలో గడపాల్సిందే. జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి 2014 నిబంధనలు తెచ్చాక కోర్సు ఏడాది నుంచి రెండేళ్లకు పెరిగింది. మొదటి ఏడాది 4 వారాలు, రెండో ఏడాది 16 వారాలు బడిలో ఉండాలి. పాఠం చెప్పాలి, రికార్డులు రాయాలి. అయితే ఇందుకు స్టైపెండ్ ఉండదు. గుంటూరు, పల్నాడు, బాపట్ల, ప్రకాశం జిల్లాల్లో మీరు బీఈడీ చదువుతుంటే ఈ లెక్క ముందే వేసుకోవడం మంచిది.

ప్రభుత్వం ఇచ్చేది ఏమిటి?

రెండు రకాల సాయం ఉంది. ఒకటి ఫీజు రీయింబర్స్‌మెంట్, అంటే ఆర్టీఎఫ్. రెండోది తిండి, వసతి ఖర్చులకిచ్చే ఎంటీఎఫ్. గత ప్రభుత్వంలో వీటినే విద్యా దీవెన, వసతి దీవెన అన్నారు. 2020లో ఖరారు చేసిన లెక్క ప్రకారం డిగ్రీ, ఆపై కోర్సులకు వసతి సాయం ఏడాదికి 20,000 రూపాయలు, రెండు విడతల్లో. ఫీజును అప్పట్లో తల్లుల ఖాతాల్లో వేసేవారు. 2024లో ప్రభుత్వం మారాక నేరుగా కాలేజీకే చెల్లించే పద్ధతికి వచ్చారు.

ఎడ్‌సెట్ రాసి కన్వీనర్ కోటాలో సీటు తెచ్చుకున్నవారికే ఇది వర్తిస్తుంది. మేనేజ్‌మెంట్ కోటా, దూరవిద్య వాళ్లకు రాదు. కుటుంబ ఆదాయం ఏడాదికి 2.5 లక్షలు దాటకూడదు. మాగాణి 10 ఎకరాలు, మెట్ట 25 ఎకరాలు పరిమితి. పట్టణంలో ఉంటే సొంత ఇల్లు 1,500 చదరపు అడుగులు మించకూడదు. ఇంట్లో కారుంటే అర్హత పోతుంది. ట్రాక్టర్, ఆటో, ట్యాక్సీలకు మినహాయింపు ఉంది.

చిక్కు ఎక్కడ?

ఇంటర్న్‌షిప్ పేరుతో విడిగా ఒక్క రూపాయీ లేదు. ఐర్లండ్‌లో ప్రైమరీ టీచరు కావాలంటే ఐరిష్ మాట్లాడే పల్లెల్లో కొన్నాళ్లు ఉండి భాష నేర్చుకోవడం తప్పనిసరి. ఆ ఖర్చుకు అక్కడి సర్కారు ప్రత్యేకంగా గ్రాంటు ఇస్తోంది. మన దగ్గర కూడా తప్పనిసరే, కానీ ఖర్చు మాత్రం విద్యార్థిదే.

చిన్న లెక్క చూడండి. బడికి రానుపోను 60 రూపాయలు అనుకుంటే, వారానికి ఆరు రోజుల చొప్పున 20 వారాలకు 7,200 రూపాయలు. ఏడాది వసతి సాయంలో మూడో వంతు దాటిపోయింది. పైగా ఆ సాయం చేతికొచ్చే తేదీ ఎవరూ చెప్పలేరు. ఈలోగా ఇంట్లో అడుగుదామంటే, 2025 ఫిబ్రవరిలో మిర్చి ధర ఎలా పడిపోయిందో తెలిసిందే. కేంద్రం జోక్యం చేసుకుని క్వింటాకు 11,781 రూపాయలు ప్రకటించాల్సి వచ్చింది.

అమ్మాయిలకు కొంత ఊరట ఉంది. 2025 ఆగస్టు 15న మొదలైన స్త్రీశక్తి పథకంతో పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్‌కు డబ్బు కట్టక్కర్లేదు, ఆధార్ చూపిస్తే చాలు. అబ్బాయిలకు స్టూడెంట్ పాసే దిక్కు. దాని మీద రూటు ఇంటి నుంచి కాలేజీకి రాసి ఉంటుంది. బడి వేరే దారిలో ఉంటే పనికిరాదు. అందుకే బడులు కేటాయించకముందే, మీ ఊరికి దగ్గరలోని బడి ఇవ్వమని కాలేజీలో అడగండి.

హాజరు జాగ్రత్త

సాయం ఆగకుండా రావాలంటే 75 శాతం హాజరు ఉండాలి. జనవరి నుంచి మార్చి దాకా మిరప కోతలు. ఇంటివాళ్లకు సాయంగా చేలోకి వెళ్లకుండా కుదరదు, నిజమే. కానీ ఆ నెలల్లోనే ఇంటర్న్‌షిప్ పడితే గైర్హాజరు నేరుగా ఫీజు మీద పడుతుంది. బడిలో హెడ్మాస్టర్ సంతకం చేసిన హాజరు పట్టీని నెలనెలా ఫోనులో ఫొటో తీసి పెట్టుకోండి. కాగితం కాలేజీకి చేరలేదన్నా మీ దగ్గర ఆధారం ఉంటుంది.

ఆదాయ ధ్రువపత్రానికి సచివాలయంలో దరఖాస్తు చేయాలి. బ్యాంకు ఖాతాకు ఆధార్ లింకైందో లేదో ఒకసారి చూసుకోండి. జ్ఞానభూమి పోర్టల్‌లో మీ దరఖాస్తు ఎక్కడ ఆగిందో కనిపిస్తుంది.

ప్రభుత్వం నుంచి ఫీజు రాలేదని కాలేజీ మీ ఒరిజినల్ సర్టిఫికెట్లు అట్టిపెట్టుకుంటే ఒప్పుకోవద్దు. పరిశీలించి వెంటనే తిరిగివ్వాలని యూజీసీ 2018లోనే స్పష్టం చేసింది.