సున్నాకు అవుటయ్యే హక్కు

గుంటూరుకు మేము మిర్చి యార్డులో టిక్కీలు మోసే సాయిబులం. పత్తి ఏకే దూదేకులోళ్లం. బ్యాటు పట్టినవాళ్లుగా మమ్మల్ని ఎరిగింది తక్కువ. క్రికెట్టంటే మాకు ఆటకన్నా ముందు సంజాయిషీ. పాకిస్తాన్‌తో పోటీ వస్తే చాలు, మీరెటువైపని అడుగుతారు. 1990లో హైదరాబాదు అజరుద్దీన్ భారత కెప్టెన్ అయ్యాడు. అయినా ఆ ప్రశ్న ఆగలేదు. 2021 అక్టోబరులో పాకిస్తాన్ చేతిలో పదకొండుమందీ ఓడారు. ద్రోహి ముద్ర మాత్రం షమీ మీద వేశారు.

ఆ తర్వాత నాలుగు నెలలు తిరక్కముందే, 2022 ఫిబ్రవరి 2న, అండర్-19 ప్రపంచకప్ సెమీఫైనల్. ఎదుట ఆస్ట్రేలియా. 37 పరుగులకే రెండు వికెట్లు పోయాయి. 2004లో గుంటూరులో పుట్టిన మన షేక్ రషీద్ ఆ జట్టు వైస్ కెప్టెన్. ఆ టోర్నీలోనే కరోనా సోకి కోలుకున్న కుర్రాడు. కెప్టెన్ యశ్ ధుల్‌తో కలిసి 204 పరుగులు జోడించాడు. 94 దగ్గర అవుటయ్యాడు. ఫైనల్లో ఇంగ్లండ్‌పై సరిగ్గా 50. కప్పు దేశానికొచ్చింది. 2024 నవంబరులో రంజీలో ఆంధ్ర తరఫున హైదరాబాదుపై 203 కొట్టాడు.

ఈ పరుగులు చూపి మా దేశభక్తిని రుజువు చేసుకోం. కొడితే మనవాడు, కొట్టకపోతే పరాయివాడనే లెక్క మాకొద్దు. రషీద్ రేపు సున్నాకు అవుటవ్వొచ్చు. అప్పుడు అతని ఆటను తిట్టండి, పేరును కాదు. అందరికీ ఉన్న ఆ హక్కే మాకూ కావాలి.