48 కిలోబైటులలో చలనచిత్రము

సినిమా చూచి వచ్చిన బాలుడు మరునాడు కఱ్ఱకత్తి పట్టి కథానాయకుడగుట మనమెరిగినదే. 1980 తరువాతి దశాబ్దమున బ్రిటనులో ఈ ముచ్చట తీర్చుటకు ఒక పరిశ్రమయే వెలసినది. మాంచెస్టరు నగరమందలి ఓషన్ సాఫ్ట్‌వేర్ సంస్థ పోరాట చిత్రముల హక్కులు కొని, వానిని ఇంటి కంప్యూటరులపై ఆడు ఆటలుగా మార్చి కేసెట్టులపై అమ్మెడిది. 1985లో ‘రాంబో’, 1986లో ‘కోబ్రా’, 1988లో ‘రోబోకాప్’ ఇట్లు వెలువడినవే.

ఈ ఆటలకు ఆటపట్టయిన యంత్రములలో ఒకటి, 1982లో సింక్లెయిర్ సంస్థ విడుదల చేసిన జడ్.ఎక్స్. స్పెక్ట్రమ్. దాని మెమరీ 48 కిలోబైటులు, అనగా 49,152 బైటులు. తెరపై అడ్డముగా 256, నిలువుగా 192 చుక్కలు. ఏ చుక్క వెలుగవలెనో గుర్తుంచుకొనుటకు 6,144 బైటులు, రంగులకు 768 బైటులు, మొత్తము 6,912 బైటులు కావలెను. విద్యార్థులు భాగించి చూడవచ్చును: మెమరీ అంతయు బొమ్మలకే వెచ్చించినను ఏడు బొమ్మలకు మించి పట్టవు. సినిమాలో సెకనుకు 24 బొమ్మలు కదలును గదా! సెకనులో మూడవ వంతు సినిమాయైనను అందు ఇమడదన్నమాట. ఆటను నడపు ఆజ్ఞలు, శబ్దములు, శత్రువులు, వీరుడు అందరును ఆ ఇరుకు గదిలోనే సర్దుకొనవలెను.

రంగులది మరియొక చిక్కు. తెర 768 గడులుగా విభజింపబడినది. ఒక్కొక్క గడికి రెండు రంగులే. ఎఱ్ఱని గోడ ముందు నీలి దుస్తుల వీరుడు నడచినచో ఒకరి రంగు మరియొకరికి అంటుకొనును. కనుకనే పెక్కు ఆటలలో వీరుని, వెనుకనున్న దృశ్యమును ఒకే రంగున గీసిరి.

మరి కథ మాటేమి? పాల్ వెర్హోవెన్ 1987లో తీసిన ‘రోబోకాప్’ చిత్రమున, హతుడైన పోలీసు యంత్రదేహముతో తిరిగి వచ్చి తన హంతకుల ముఖములను గుర్తుపట్టును. ఆటలో చాల భాగము వీధుల వెంట నడచుచు కాల్చుటయే. కాని ఒక ఘట్టమున కండ్లు, ముక్కు, నోరు ఏరి కూర్చి, గడువులోగా నేరస్థుని ముఖమును పోల్చవలెను. తుపాకి లేకయే కథాసారమును పట్టిన ఈ ఘట్టమే నాకు మేలుగ తోచును. జానథన్ స్మిత్ స్పెక్ట్రమునకై వ్రాసిన ‘కోబ్రా’లోనో, వీరునికి ఆయుధములు హాంబర్గరులు ఏరుకొన్నచో లభించును! ఇట్టిది సినిమాలో వెదకినను కానరాదు. అయినను ఆట రక్తి కట్టినది.

అన్నియు ఇట్లు రక్తి కట్టలేదు. సినిమా పేరే సరుకును అమ్మిపెట్టును గనుక, పండుగ నాటికి ముగింపవలెనను తొందరలో నాణ్యము బలియయ్యెడిది. 1982లో అటారీ సంస్థ ‘ఇ.టి.’ ఆటను సుమారు ఐదు వారములలో చేయించినది. అమ్ముడుపోని పెట్టెలను న్యూమెక్సికోలోని ఆలమొగోర్డోలో పూడ్చిరి. 2014లో త్రవ్వి తీసిరి.

నేడు మిగిలిన ప్రశ్న ఈ ఆటల మనుగడను గూర్చినది. సినిమా హక్కులు సాధారణముగ కొంత కాలమునకే లభించును. గడువు తీరిన పిమ్మట ఆటను మరల అమ్ముటకు చిత్రసంస్థ అనుమతి కావలెను. ఈలోగా కేసెట్టులు ముదురుచున్నవి. స్పెక్ట్రము కేసెట్టుపై సున్న ఒక పొట్టి ధ్వనిస్పందము, ఒకటి దానికి రెట్టింపు పొడవైనది. అభిమానులు ఈ ధ్వనులను మరల విని ఫైళ్లుగా భద్రపరచుచున్నారు. టేపుపై పూత రాలి ఒక్క స్పందము చెదిరినను, సుమారు ఐదు నిమిషములు వేచిన పిదప తెరపై వచ్చునది ఆట కాదు, టేపులో దోషమున్నదను ఒక్క వాక్యమే.