ముగ్గురాయియు, గరాటును

కడప సీమలో మంగంపేట గనులనుండి వెడలు రాతిని మనవారు ముగ్గురాయి యందురు. చేత నెత్తిచూచిన వానికి మొదట అబ్బురము గొలుపునది దాని బరువు; సామాన్యమగు బండరాయి నీటికంటె రెండున్నర రెట్లు తూగుచుండగా, మేలైన ముగ్గురాయి నాలుగు రెట్లకు మించి తూగును. ఆ బరువే ముగ్గుతో పేరు పంచుకొన్న ఈ రాతిని సముద్రములు దాటించి చమురుబావుల పాతాళమునకు దింపినది.

1901 జనవరి 10వ తేదీన టెక్సాసులో బోమాంటు పట్టణము చెంత స్పిండిల్‌టాప్ దిబ్బపై చమురు ఆకాశమున కెగసిన కథ జగద్విదితము. ఐతే ఆ బావిని తొలిచిన హామిల్ సోదరులు, లోపల జారిపడుచున్న ఇసుకను నిలుపలేక, ఒక గుంటలో నీరు నింపి, పశువులను దింపి త్రొక్కించి, ఆ చిక్కని బురదను బావిలోనికి పంపి గోడలను నిలిపిరని చెప్పుకొను వృత్తాంతము నాకు అంతకంటె హృద్యముగా తోచును. గోడ పెట్టుటకు మట్టిని కాళ్ళతో త్రొక్కి పదును చేయుట ఎరిగిన మన పల్లెవారికి ఇది వింత గాదు.

ఆనాడు బురదకు పరీక్ష యనగా పనివాని కన్నును, చేయియు మాత్రమే. ఒకనికి చిక్కనైనది వేరొకనికి పలుచన. ఒక బావికడ నేర్చినది మరియొక బావికి మాటలలో చేరునది కాదు. ఈ లోపమును తీర్చినది 1931లో హాలన్ మార్ష్ వెల్లడించిన గరాటు. మన ఇండ్లలో నూనె పోసికొను గరాటువంటిదే యది. పైనున్న జల్లెడగుండ 1500 మిల్లీలీటర్ల బురద పోసి, అడుగు రంధ్రమును వ్రేలితో మూసి పట్టి, వ్రేలు తీసినంతనే గడియారము చూచుచు, 946 మిల్లీలీటర్లు పాత్రలో పడుటకు ఎన్ని సెకండ్లు పట్టెనో లెక్కింతురు. మంచినీటికి 26 సెకండ్లు. బురద ఎంత చిక్కనైన అంత యాలస్యము. ఇంత సులభమైన పనిముట్టు చేతిస్పర్శలో నణగియున్న విద్యను అందరికి అర్థమగు అంకెగా మార్చినదన్న కారణమున, స్పిండిల్‌టాప్ ధారకంటె ఈ గరాటే గొప్పదని నేను నమ్ముదును.

పిమ్మట ఇతర పరీక్షలు వచ్చినవి. బురదలోని నీరు చుట్టునున్న ఇసుకరాతిలోనికి ఎంత యింకునో తెలిసికొనుటకు, దానిని వడపోత కాగితముపై వాతావరణపు ఒత్తిడికి సుమారు ఏడింతల యొత్తిడితో 30 నిమిషము లుంచుదురు. క్రిందికి దిగిన నీటిని కొలిచి, కాగితముపై మిగిలిన మట్టిపొరను వ్రేలితో తాకి చూతురు. పొర పలుచనై గట్టిగా నుండవలెను. మందమైనచో తొలుచు గొట్టము బావిగోడ కంటుకొని కదలక నిలిచిపోవు ప్రమాదము కలదు.

ఇక బరువు మాట. వేయి మీటర్ల లోతున మంచినీరు చదరపు సెంటీమీటరునకు సుమారు 100 కిలోల ఒత్తిడి కలిగించును. అంతకు మించి భూగర్భవాయువు పైకి త్రోయుచున్నచో నీరు దాని నాపలేదు. అది అదుపు తప్పిన నేమగునో, 1995 జనవరిలో మొదలై 65 దినములు రేయింబవళ్ళు మండిన పాశర్లపూడి బావి మంట కోనసీమవారికి చూపినది. బురద చిక్కదనము మితిమీరకుండ బరువు పెరుగవలెను గనుక, 1920 దశకమున అమెరికాలో స్ట్రౌడ్ అను నాతడు ముగ్గురాతి పొడిని కలుపు పద్ధతిని తెచ్చెను. ఆ యవసరమే మంగంపేటకు ప్రపంచఖ్యాతి తెచ్చినది.

పొడి సరియైనదో కాదో తేల్చు పరీక్ష చూడ ముచ్చటగా నుండును. సన్నని పొడుగు మెడగల గాజుబుడ్డిలో కిరసనాయిలు పోసి, తూచిన 80 గ్రాముల పొడిని కొంచెము కొంచెముగా జారవిడిచి, చిక్కుకొన్న గాలిబుడగలు వెడలిపోవువరకు బుడ్డిని మెల్లగా దొర్లించి, నిలువబెట్టి, నూనె మెడలో ఏ గీతవరకు ఎగసెనో చూతురు. ఎగసినది 19 మిల్లీలీటర్లకు మించనిచో ఆ పొడి నీటికంటె కనీసము 4.2 రెట్లు బరువైనది.